దుర్గక్క మిద్దెమీది చౌడు

సుంకి శవాన్ని ఇంకా బయటికి తియ్యనే లేదు. బండల కింద నుంచి పిల్ల చెయ్యి ఒకటి మోచేతిదాకా కనిపిస్తోంది. మగవాళ్ళు మిద్దె మోసే దంతె కొయ్యలు విరిగినవి పైకెత్తుతున్నారు, ఆడవాళ్ళు గంపలతో మన్ను తోడుతున్నారు. అప్పుడు వచ్చాడు ఓవర్సీరు శివరామకృష్ణయ్య. సైకిలు కాలవగట్టు మీద నిలబెట్టి, పంచె తడవకుండా ఎత్తిపట్టుకుని దిగాడు. పిల్లవైపు చూడలేదు. కూలిన మిద్దెమీది మట్టి ఒక పిడికెడు తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, అందరికీ వినబడేలా అన్నాడు:

"చౌడు! ఇంత చౌడు పోస్తే ఏ గోడ ఆగుతుందయ్యా? మీ చేతులారా మీరే చంపుకున్నారు."

దుర్గక్క అప్పటిదాకా ఏడవలేదు. బిడ్డను తియ్యాలన్న ఒక్క ధ్యాసతో రాళ్ళు లాగుతోంది. ఆ మాట చెవినపడగానే చేతిలో రాయి చేతిలోనే ఉండగా కూలబడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఇది అంతకన్నా ఘోరం. బిడ్డ ఊపిరి పోయి పూట కాకముందే, ఆ చావును తల్లి చేతికి అంటగట్టడం.

పక్కనే గంప పట్టుకుని నిలబడ్డ యంకమ్మకు ఒళ్ళు మండింది. కళ్ళతో మొగుడికోసం వెతికింది. ఆమె మొగుడు హులిగప్ప ఆ కాలనీలో మేస్త్రీ, కూలీల సంఘానికి పెద్ద. అతను కాలవ పని దగ్గరనుంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి జనమంతా ఒక్కసారిగా అతనివైపు తిరిగారు.

"హులిగప్పన్నా, విన్న్యావా ఈయప్ప ఏమంటాండాడో? మేమే సంపుకున్న్యామంట!" అన్నాడు ముసలి గాళెప్ప.

"ముందు పిల్లను తియ్యండ్రప్పా. మాటలు ఆమైన మాట్లాడుకుందాం" అన్నాడు హులిగప్ప, తలపాగా విప్పి నడుముకు కట్టుకుంటూ.

పెద్దమనిషి మాటే అది. అందరూ మళ్ళీ రాళ్ళమీద పడ్డారు. కానీ యంకమ్మ ఒకటి కనిపెట్టింది. తన మొగుడు ఓవర్సీరు మొహం చూడలేదు. ఓవర్సీరూ అతని మొహం చూడలేదు. రోజూ పని దగ్గర కలిసి బీడీలు కాల్చే ఇద్దరు మనుషులు, ఆ పూట ఒకరికొకరు కొత్తవాళ్ళయిపోయారు.

ఆ ఇళ్ళ సంగతి మొదటినుంచీ చెబితే తప్ప ఈ చౌడు సంగతి తెలియదు.

తుంగభద్ర కాలవను మోక ఊరి దిక్కుగా తవ్వుకొచ్చింది ఈ జనమే. కరువు ఊళ్ళనుంచి పలుగూ పారా నెత్తినపెట్టుకుని వచ్చారు. నీళ్ళొచ్చాయి. నీళ్ళ వెనకే కోస్తానుంచి డబ్బున్న రైతులు వచ్చి, నల్లరేగడి కొని వరి వేశారు. తవ్వినవాళ్ళకు మాత్రం కాలవగట్టు మీద బోదగడ్డి గుడిసెలే మిగిలాయి. ఒక ఎండాకాలం నిప్పంటుకుని అవీ కాలిపోయాయి. హులిగప్ప సంఘం కట్టింది అప్పుడే. పని ఆపించాడు. లాఠీదెబ్బలు తిన్నాడు. బళ్ళారి జైల్లో ఉండి వచ్చాడు. తిరిగొచ్చిననాడు ఆడవాళ్ళు అతని కాళ్ళమీద నీళ్ళు పోసి కాలనీ దాకా నడిపించారు. యంకమ్మ ఆ రోజు తన మొగుణ్ణి చూసుకుని ఎంత పొంగిపోయిందో చెప్పనలవి కాదు.

సర్కారు దిగొచ్చింది. కూలీలకు రాతిళ్ళు మంజూరయ్యాయి. కంట్రాక్టు చెన్నకేశవరావుకు దక్కింది. కోస్తా మనిషి, మోక రోడ్డులో రైసుమిల్లు కట్టిస్తున్నవాడు. తెలివైనవాడు. పని మొదలుపెట్టే రోజున జనాన్ని నిలబెట్టి నవ్వుతూ, "మీ ఇళ్ళు మీ మనిషే కట్టిస్తాడయ్యా, నేను పేరుకే. మేస్త్రీ హులిగప్పే!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కోడిపిల్లలను లెక్కపెట్టే పని గద్దకు ఇస్తే అనుమానిస్తాం. మన కోడిపుంజుకే ఇస్తే ఎవరు అనుమానిస్తారు?

బళ్ళారి సీమలో పుట్టినవాడికి రేగడిని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండకు మనిషి కాలు దిగేటంత నోరు తెరుస్తుంది. వానకు ఉబ్బి, మీదున్నదాన్ని పైకెత్తి పడేస్తుంది. అందుకే ఊళ్ళలో గొడ్లపాక కట్టినా అడుగున గట్టి గరుసు నేల తగిలేదాకా పునాది తవ్వుతారు. ఇక్కడ మోకాటి లోతుకే ఆపించారు. ఆ నల్లమన్ను మోసిన ఆడవాళ్ళలో యంకమ్మా ఉంది, దుర్గక్కా ఉంది. గాళెప్ప పునాది గుంటలోకి తొంగిచూసి, "గరుసు యాడ తగిలెరా హులిగా?" అని అడిగాడు కూడా.

"సిమెంటు పోస్తారంట తాతా. సిమెంటు వచ్చినంక గరుసు ఏమిటికి?" అన్నాడు హులిగప్ప.

సిమెంటు పేరు వినడమే తప్ప దాని గుణం ఎవరికి తెలుసు? చెప్పింది హులిగప్ప. జైలుకు పోయొచ్చిన మనిషి. నమ్మారు. సిమెంటు బస్తాలు ఒక బండెడు దించి చూపించారు కూడా. మిగతావి నేరుగా రైసుమిల్లుకు వెళ్ళాయి. ఆ మిల్లు గచ్చు మీద వడ్లు ఆరబోసిన కూలీలు, కాళ్ళు చల్లగా ఉన్నాయని మురిసిపోయారే గాని, ఆ చల్లదనం తమ గోడల్లోనుంచి పోయిందని అనుకోలేదు. గోడల్లో రాయికీ రాయికీ మధ్య ఉన్నది మట్టి. పైన సున్నం పూత.

ఆ ఏడే జిల్లా మద్రాసునుంచి విడిపడింది; కొన్ని తాలూకాలు ఆంధ్రకు, మిగతావి మైసూరుకు పోయాయి. కొలతలు తీసినవాడు ఒక సర్కారువాడు, తాళాలిచ్చినవాడు ఇంకో సర్కారువాడు. మధ్యలో గోడ తట్టి చూసినవాడు లేడు.

మొదటి వానకే మిద్దెలు కారాయి. దంతెలమీద బండలు పరిచి వదిలేస్తే కారకేం చేస్తాయి? ఓవర్సీరుకు చెప్పుకున్నారు. రాసుకుంటానన్నాడు. ఏళ్ళు గడిచాయి. ఇక తాతలనాటి పద్ధతే గతి అయింది. వంకలోనుంచి తెల్లటి చౌడు తెచ్చి మిద్దెమీద పరిచి, నీళ్ళు చల్లి, చదునుగా తొక్కితే చుక్క నీరు దిగదు. అది ఒక ఇంటివాళ్ళు చేసుకునే పని కాదు. మృగశిర రాకముందు కాలనీ అంతా ఒక మిద్దె ఎక్కుతుంది, అది ముగిశాక ఇంకో మిద్దె. ఇవాళ నీది, రేపు నాది. మొదటి గంప పెద్దమనిషి పొయ్యాలి. తర్వాత ఆడవాళ్ళు పాటెత్తుకుని తొక్కుతారు. ఇంటామె అందరికీ ఉడకబెట్టిన అలసందలు పెడుతుంది. ఈ ఏడు దుర్గక్క ఇంటి అలసందల్లో ఉప్పెక్కువైందని అందరూ ఆమెను ఏడిపించారు. ఆ మిద్దెమీద మొదటి గంప పోసింది హులిగప్పే.

హస్త వానలకు రేగడి ఉబ్బింది. జ్వరమొచ్చిన పిల్లను పడుకోబెట్టి దుర్గక్క నీళ్ళకు వెళ్ళింది. గోడ పక్కకు ఒరిగి, మిద్దె పిల్లమీద కూర్చుంది. అంతే జరిగింది.

సుంకిని పూడ్చి వచ్చిన మర్నాడు పొద్దుగూకేవేళ జనం హులిగప్ప ఇంటి ముందు చేరారు. తాసిల్దారు విచారణకు వస్తాడని, దుర్గక్క మొగుడు కెంచప్ప మీద కేసు రాస్తారని కబురు పొక్కింది. ప్రతి ఇంటి గోడకూ బెత్తెడు సందు పడి ఉంది. లోపల పడుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు.

"ఇండ్లు ఇడిసిపెట్టి పోదాం పాండ్రి" అంది ఒకామె.

"యాడికి పోతాం? మళ్ళా గట్టుమీదికా?" అంది ఇంకొకామె.

గాళెప్ప లేచాడు. "పోయేది ఏమిటికి? తాసిల్దారు వచ్చినప్పుడు పునాది తవ్వి సూపిద్దాం. తవ్వితే తెలుస్తాది యాడ గరుసుందో, యాడ సిమెంటుందో. చౌడు మా తాత మిద్దెమీద ఇంగా ఉండాది. ఆ మిద్దె యాల పడలే?"

"తవ్వుదాం! తవ్వుదాం!" అని కుర్రకారు అరిచారు.

హులిగప్ప చెయ్యెత్తాడు. అందరూ ఊరుకున్నారు. ఆ చెయ్యి లేస్తే ఊరుకోవడం వాళ్ళకు అలవాటు. "సర్కారు ఇంటిమీద గడ్డపార వేస్తే అదొక కేసు. తొందర బేడ, వద్దు. విచారణనాడు నేను మాట్లాడతా. మీరెవరూ నోరు ఎత్తద్దండి. నామీద నమ్మకం ఉండాదా, లేదా?"

నమ్మకం ఉందన్నారు. కెంచప్ప వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. హులిగప్ప చేతులు వెనక్కి లాక్కున్నాడు. అది మర్యాద అనుకున్నారు అందరూ.

జనం పోయాక యంకమ్మ పొయ్యి రాజెయ్యలేదు. మొగుడి ఎదురుగా కూర్చుంది.

"విచారణలో ఏం చెప్తావు?"

"చెప్పేది చెప్తా."

"పునాది సంగతి చెప్తావా?"

హులిగప్ప ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "పునాది ఆపించింది ఎవరే? కంట్రాక్టరు నోటితో చెప్పినాడు, నేను చేతితో ఆపిచ్చినా. తవ్వితే ముందు జైలుకు పోయేది నేను."

"జైలంటే నీకు కొత్తనా? పోయిరాలేదా? ఊరంతా నీ కాళ్ళు కడిగె."

"అప్పుడు పోయింది పోరాటానికి. ఇప్పుడు పోతే దొంగ అని పోతా. కాళ్ళు కడిగినోళ్ళే మొగాన ఉమ్ముతారు." మూలనున్న గంపవైపు చూశాడు. "పైకాలవ పని మొత్తం నాకే ఇస్తాననె ఆయప్ప. ఎన్నాళ్ళు ఇంగ ఈ గంపలు నీ నెత్తిన? నేనేమీ అబద్ధం చెప్పను. తెలీదంటా. అంతే."

యంకమ్మ ఆ మాటను మింగలేక, కక్కలేక కూర్చుంది. తప్పు చేసినవాడు భయపడతాడు, భయపడ్డవాడు మూగవాడవుతాడు, అంతవరకూ ఆమె అర్థం చేసుకోగలదు. మూగగా ఉంటే ఉండనీ, గాళెప్ప మాట్లాడతాడు అని మనసుకు సర్దిచెప్పుకుంది. మొగుడు కదా మరి. పదేళ్ళు ఒక కంచంలో తిన్న మనిషిని ఒక్క పూటలో పరాయివాణ్ణి చేసుకోవడం ఎవరికి చేతనవుతుంది?

విచారణరోజు కాలనీ నడిమధ్య కుర్చీలు వేశారు. తాసిల్దారు, పక్కన చెన్నకేశవరావు, వెనక ఓవర్సీరు, ఇంకా వెనక లాఠీలతో పోలీసులు. పడిపోయిన ఇంటి రాళ్ళు వాళ్ళకు కనబడకుండా ఎవరో ఒక టార్పాలిన్ పట్టా కప్పించారు. ఇటుపక్క నేలమీద కాలనీ మొత్తం కూర్చుంది. దుర్గక్క తల ఎత్తకుండా ముందువరసలో ఉంది.

"కొలతల కాగితాలేవి?" అని తాసిల్దారు అడిగాడు.

"అవి ఆంధ్రాకు వెళ్ళిన దస్త్రాల్లో ఉండొచ్చునండి" అన్నాడు ఓవర్సీరు. తాసిల్దారు మళ్ళీ ఆ మాటెత్తలేదు.

చెన్నకేశవరావు లేచి చేతులు జోడించాడు. "నేను కట్టించానంటే నమ్మరండి. వాళ్ళ సంఘం పెద్దనే అడగండి. నిజం వాళ్ళ నోటినుంచే రావాలి."

హులిగప్ప లేచాడు. జనం ముందుకు జరిగి కూర్చున్నారు. యంకమ్మ చీరకొంగు పిడికిట బిగించింది.

"సామీ, ఇల్లు గట్టిగానే కట్టినాం" అన్నాడు హులిగప్ప. "చౌడు ఎక్కువ పోసినారు. వద్దురా కెంచప్పా, గోడ ఆగదు అని నేను శానాసార్లు చెప్పినా. ఇన్లేదు. వాళ్ళ మిద్దెమీద వాళ్ళే పోసుకున్యారు."

కంచే చేను మేసింది. అరవడానికైనా ముందు నమ్మాలి కదా, ఆ చెవులు నమ్మలేదు. కెంచప్ప నోరు తెరుచుకుని హులిగప్పను చూస్తున్నాడు. అతనికి కోపం రాలేదు పాపం. ఏదో పొరపాటున అన్నాడు, ఇప్పుడు దిద్దుకుంటాడు అన్నట్టు ఎదురుచూస్తున్నాడు. పోలీసు వచ్చి అతని రెక్క పట్టుకున్నాడు.

దుర్గక్క అప్పుడు తలెత్తింది. "ఆయప్పను ఇడిసిపెట్టండి. అలసందలు ఉడకబెట్టింది నేను, పిలిసింది నేను, ఇంగో గంప పోయండి అన్యది నేను. నా బిడ్డను నేనే సంపుకున్యా. నన్ను తీసుకపోండి" అంటూ గుండెలు బాదుకుంది.

వాళ్ళకు కావలసింది అదే. ఓవర్సీరు తాసిల్దారు చెవిలో ఏదో అన్నాడు. తాసిల్దారు తల ఊపాడు.

యంకమ్మ లేచింది. మొగుడు కళ్ళతో వద్దన్నాడు. ఆ కళ్ళు చూశాకనే ఆమె ముందుకు నడిచింది.

"సామీ, ఈయప్ప నా మొగుడు. అబద్ధం చెప్తాండాడు."

చెన్నకేశవరావు నవ్వబోయాడు. "ఏమ్మా, మొగుడి పరువైనా..."

"నా మొగుడి పరువు నేను చూసుకుంటా, నువ్వు కూసో." యంకమ్మ తాసిల్దారు వైపే చూసి మాట్లాడింది. "ఆ మిద్దెమీద చౌడు దుర్గక్క ఒక్కతే పోయలేదు. ఈడ ఏ మిద్దెమీదా ఇంటోళ్ళే పోయరు. మొదటి గంప ఎవరు పోసిరో అడుగు సామీ. వద్దని చెప్పినానంటాండాడే, ఈయప్పే పోసె! ఆమైన నేను మోసినా. తొక్కినా. పాటా పాడినా. చౌడు పిల్లను సంపుంటే నేనూ సంపినట్టే. రాసుకో నా పేరు."

తర్వాత గాళెప్ప కర్ర ఊతగా లేచాడు. "వంకలోనుంచి చౌడు తవ్విచ్చింది నేను. నాదీ రాసుకో."

"నేనూ మోసినా సామీ!"

"నేను తొక్కినా!"

"నా ఇద్దరు కూతుర్లూ తొక్కిరి. ఎత్తుకపో మమ్మల్ని!"

వరసవెంట వరస లేచింది. కూర్చున్నవాడు హులిగప్ప ఒక్కడే. ఎప్పుడు కూర్చున్నాడో ఎవరూ చూడలేదు. దుర్గక్క ఏడుపు ఆపి, లేచిన ఒక్కొక్కరి మొహం వెర్రిదానిలా చూస్తోంది. ఇంతమంది కలిసి తొక్కినది తన ఒక్కదాని పాపమెట్లా అయిందని మొదటిసారి ఆమెకు అనుమానం వచ్చినట్టుంది.

తాసిల్దారు విసుక్కున్నాడు. "అందరూ పోశారు, సరే. చౌడు వల్లే పడిందని మీరే ఒప్పుకుంటున్నారుగా?"

"ఒప్పుకోలేదు సామీ. మోసినామని చెప్తాండాం" అంది యంకమ్మ. "ఈ గోడల కింద మన్ను మోసింది కూడా మేమే. అదీ చూడు."

ఆమె తన ఇంటివైపు నడిచింది. హులిగప్ప కట్టుకున్న ఇల్లు, తను కాపురం చేస్తున్న ఇల్లు. గడప పక్కనున్న గడ్డపార తీసుకుని గోడ మొదట్లో వేసింది. తడిసిన రేగడి ముద్దలు ముద్దలుగా లేచింది. హులిగప్ప పరుగెత్తుకొచ్చాడు.

"యంకీ, వద్దే! మన ఇల్లే అది!"

"మన ఇల్లే. అందుకే తవ్వుతాండా."

రెండో ఇంటి దగ్గర గాళెప్ప మొదలుపెట్టాడు. మూడో ఇంటి దగ్గర కుర్రవాళ్ళు. ఎవరి ఇంటి గోడ వాళ్ళు తవ్వుతున్నారు. ఆడవాళ్ళు మన్ను గంపలకెత్తి తెచ్చి కుర్చీల ముందు గుమ్మరిస్తున్నారు. ఏ గంపలోనూ గరుసు లేదు. ఏ పునాదిలోనూ సిమెంటు లేదు. నల్లమన్నే, చేత్తో పిసికితే వేళ్ళసందుల్లోనుంచి జారే నల్లమన్ను. యంకమ్మ గడ్డపారకు పునాది అడుగురాయి తగిలింది. దాన్ని కాలితో నెడితే కదిలింది.

"సూడు సామీ! కాలితో నెడితే కదులుతాండాది. దీనిమీద మా పిల్లలు పండుకుంటారు!"

తాసిల్దారు వచ్చి చూడలేదు. చూస్తే రాయాలి. అతను లేచి నిలబడి పోలీసులకు చెప్పాడు: "సర్కారు ఆస్తి ధ్వంసం చేస్తున్నారు. పట్టుకోండి."

పునాది లేని ఇళ్ళు కట్టినవాడిమీద కేసు లేదు. పునాది ఉందా అని చూసినవాళ్ళమీద కేసు. అధికారం ఎవరిదో ఆ జనానికి అంతకన్నా విడమర్చి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. లాఠీలు లేచాయి. గాళెప్ప తల పగిలింది. యంకమ్మ జుట్టు పట్టుకుని ఈడ్చారు. ఆమె చేతిలోనుంచి గడ్డపార జారి గుంటలో పడింది. హులిగప్ప పోలీసుకు అడ్డం వెళ్ళి, "ఆడమనిషిని కొట్టద్దండి సామీ" అని బతిమాలాడు.

యంకమ్మ రక్తం ఉమ్మి అతనివైపు చూసింది. "నాకోసం అడగద్దు. నువ్వు అడిగేదుంటే కెంచప్పను అడుగు, మన్నించమని."

ఆమెను లారీ ఎక్కించారు. గాళెప్పను ఎక్కించారు. కెంచప్పను ఎక్కించారు. ఎక్కించేకొద్దీ వెనకనుంచి ఇంకొందరు "మేమూ తవ్వినాం" అంటూ వస్తున్నారు. లారీ నిండింది. చెన్నకేశవరావు జేబురుమాలుతో మొహం తుడుచుకుంటూ జీపువైపు నడిచాడు. ఎవరి పని వాళ్ళు చేసుకోండి, అంతా అయిపోయింది అన్నాడు.

అప్పుడు గడ్డపార దెబ్బ మళ్ళీ వినబడింది.

అందరూ తిరిగి చూశారు. యంకమ్మ వదిలేసిన గుంటలో దుర్గక్క నిలబడి ఉంది. కొంగు నడుముకు బిగించింది. మూడురోజులుగా అన్నం ముట్టని మనిషి, గడ్డపార తలమీదికెత్తి గోడ మొదట్లో దించింది. ఓవర్సీరు ఉరికొచ్చాడు.

"పిచ్చిదానా, గోడ నీమీదే పడుతుంది! ఆపు!"

"పడుతుందని నీకు ముందే తెలుసు కదప్పా?" అంది దుర్గక్క, తల తిప్పకుండా.

ఓవర్సీరు రెండడుగులు వెనక్కి వేశాడు. లారీమీద ఉన్న యంకమ్మ ఆ మాట విని మొదటిసారి ఏడ్చింది. కింద మిగిలినవాళ్ళు పలుగులు అందుకున్నారు. కుడతిని ఊళ్ళో కొత్తగా లేస్తున్న కూలీల ఇళ్ళు కూడా చెన్నకేశవరావు కంట్రాక్టే అని ఎవరో అన్నారు. అక్కడివాళ్ళకు ఈ సంగతి చెప్పడానికి సందులోనుంచి ఇద్దరు కుడతిని దారి పట్టారు. దుర్గక్క తవ్వుతూనే ఉంది.